మూడు గంటల పెండ్లి, ఒక్క సీడీ

"పట్టదు" అన్న ఒక్క మాట చెప్పడానికే నా జీవితంలో సగం పోయింది. ఎనభైల్లో నల్గొండలో వీడియో క్యాసెట్లు కిరాయికిచ్చే దుకాణం పెట్టిన రోజు మొదలైన గొడవ అది. క్యాసెట్ మూడు గంటలది. మన సినిమా ఒక్కటే రెండున్నర గంటలు నడుస్తుంది. అయినా వచ్చినవాడల్లా "ఒక్క క్యాసెట్ల రెండు సినిమాలు ఎక్కించియ్యరాదే" అనేవాడు. మిగిలింది అరగంటే, అందులో రెండో సినిమా ఎట్లా పడుతుందని అడిగితే, "పాటలు తీసెయ్యి" అని ఒకడు, "పాటలే ఉంచి మాటలు తీసెయ్యి" అని ఇంకొకడు. క్యాసెట్లు ఎక్కించే డెక్కుకు రీలును నిదానంగా తిప్పే మీట ఒకటి ఉండేది. అది నొక్కితే రెండు సినిమాలూ పట్టేవి. పట్టించి ఇస్తే తెల్లారి వాళ్లే క్యాసెట్‌ను బల్ల మీద విసిరి, "మొఖాలకు బూడిద పూసినట్టున్నది, గిదేం బొమ్మ?" అనేవాళ్లు.

నేను పెద్దగా చదువుకోలేదు. నాకొచ్చిన లెక్కంతా నకిరేకల్‌లో మా నాయిన నిమ్మకాయల బస్తాల దగ్గర నేర్చుకున్నదే. బస్తా నిండినట్టు కనిపిస్తే నాయిన దాన్ని రెండు చేతులతో పట్టి కుదిపేవాడు. కాయలు సర్దుకుని పైన జాగా వచ్చేది. మళ్లీ కుదిపితే ఇంకొంచెం. కానీ ఒక దగ్గర బస్తా కుదరడం మానేస్తుంది. ఆ పైన కాలు పెట్టి తొక్కితే కాయ పగిలి రసం కారుతుంది. కుదిపేది ఎంతవరకు, తొక్కేది ఎక్కడ మొదలవుతుంది అన్నది తెలిసినవాడే వ్యాపారి అనేవాడు నాయిన. నా గిరాకీలందరూ తొక్కమనేవాళ్లే.

తొంభైల చివర్లో సీడీలు వచ్చాయి. పానగల్ వెళ్లే దారిలో ఉండే భాయ్, నేను కలిసి ఒక కంప్యూటర్, సీడీ రాసే మిషను కొన్నాం. భాయ్ పెండ్లిళ్లకు వీడియో తీసేవాడు. జిల్లాలో సగం పెండ్లిళ్లు అతని భుజం మీదుగానే జరిగాయి. నేను దుకాణంలో కూర్చుని పాత క్యాసెట్లను సీడీల్లోకి ఎక్కించేవాణ్ని. మిషనుతో వచ్చిన ఇంగ్లిషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. అర్థం కానిచోట చేసి చూశాను. చేసి చూస్తే పాడయ్యేది, పాడైతే అర్థమయ్యేది.

అలాంటప్పుడు మా అక్క కల్వకుర్తి నుంచి వచ్చింది. స్టీలు టిఫిన్ డబ్బా మూత తీసి, చీర కొంగు ముక్కలో చుట్టిన క్యాసెట్ బయటికి తీసింది. తన పెద్దబిడ్డ పెండ్లి క్యాసెట్. కల్వకుర్తిలో జరిగిన పెండ్లి. తీసింది మా భాయే.

ఆ క్యాసెట్ ఆమెకు ఎందుకంత ముఖ్యమో మాకందరికీ తెలుసు. ఆ పెండ్లయిన కొన్నేళ్లకు బావకు గొంతులో గడ్డ లేచింది. హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేసి మాటపెట్టె తీసేశారు. మనిషి గట్టిగానే ఉన్నాడు, తింటాడు, తిరుగుతాడు, ఎరువుల దుకాణంలో కూర్చుంటాడు. మాట మాత్రం లేదు. అంతకుముందు ఆయన గొంతు వీధి మొదట్లో వినిపిస్తే వీధి చివర ఉన్నవాళ్లు లేచి నిలబడేవాళ్లు. ఇప్పుడు చప్పట్లు, సైగలు, గ్లాసు మీద చెంచాతో కొట్టడం.

"గిందులనే ఉన్నది తమ్మీ మీ బావ గొంతు" అన్నది అక్క. "ఇంకెక్కడ లేదు. రీలు అరిగిపోతాంది. సీడీ అయితె అరగదంట గద. జర పైలంగ ఎక్కియ్యి."

"ఎక్కిస్తనక్కా. మూడు సీడీలు అయితయి."

అక్క నా వైపు ఎట్లా చూసిందంటే, నేనేదో అనకూడని మాట అన్నట్టు చూసింది. "మూడేంది?"

"క్యాసెట్ల నూట డెబ్బై అయిదు నిమిషాలున్నయి. సీడీల డెబ్బై నాలుగు నిమిషాలు పడుతయి. నువ్వే చెప్పు."

"పిల్ల పెండ్లి మూడు తునకలు జేస్తవా? నోట్లెకెల్లి ఎట్లొచ్చింది నీకు గా మాట? పిల్ల మంచిగ సంసారం జేసుకుంటాంది, దాని పెండ్లిని తునకలు జేసి పెట్టుకోమంటవా ఇంట్ల?"

"తునకలు కాదక్కా, సీడీలు."

"ఒక్కటే సీడీల రావాలె. ఏది పోవద్దు. బొమ్మ మంచిగుండాలె." అంతే చెప్పి డబ్బా మూత పెట్టేసి బస్సుకు పోయింది.

ఇలా అన్నది మా అక్క ఒక్కతే అయితే నా ఖర్మ అనుకునేవాణ్ని. అక్కవాళ్ల జిల్లాలో, మా జిల్లాలో పెండ్లి క్యాసెట్ తెచ్చిన ప్రతి తల్లీ ఇదే అన్నది. పంతులు పెట్టిన ముహూర్తాన్ని ఒప్పుకుంటారు గానీ సీడీలో పట్టే నిమిషాలను ఒప్పుకోరు. పుట్టువెంట్రుకల క్యాసెట్‌ను రెండు సీడీలు చేసినా ఎవరూ ఏమీ అనలేదు. పెండ్లి మాత్రం తునకలు కాకూడదు.

సంగతి ఏమిటంటే, సీడీలో పట్టేది నిమిషాలు కాదు, సమాచారం. ఒక్కో సెకనుకు ఇంత అని వాటా ఉంటుంది. డెబ్బై నాలుగు నిమిషాలకు వండిన అన్నం అది. నూట డెబ్బై అయిదు నిమిషాల జనాన్ని కూర్చోబెడితే ఒక్కొక్కరికి అయిదు పాళ్లకు రెండు పాళ్లే వస్తుంది. అర్ధాకలితో ఉన్న బొమ్మ ఏం చేస్తుందంటే గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. కదలకుండా ఉన్నదానికి తక్కువ చాలు. కదిలేదానికి ఎక్కువ కావాలి. అందుకే పెండ్లిలో కదిలేదేమిటి, కదలనిదేమిటి అని చూస్తూ కూర్చున్నాను.

కదలనిది మొదట దొరికింది. పెండ్లికొడుకు, పెండ్లికూతురు కుర్చీల్లో కూర్చుంటే బంధువులు జట్లుజట్లుగా వచ్చి పక్కన నిలబడే భాగం. దాదాపు గంట. కెమెరా ముందు నిలబడితే మనవాళ్లు ఊపిరి కూడా తీయరు. రెప్ప కొట్టరు. ఆ గంటకు ఏమీ పెట్టకపోయినా బతుకుతుందనుకుని సంతోషపడ్డాను. తీరా ఎక్కించి చూస్తే మనుషుల ముఖాలన్నీ గళ్లు. ఎందుకని దగ్గరికి పోయి చూస్తే వెనక గోడ నిండా వేలాడేసిన మెరుపు కాగితాలు. వాటి పక్కనే నిలువు ఫ్యాన్. కాగితాలు లక్ష తీర్ల తళుక్కుమంటుంటే, మిషను వాటాలో ఉన్నదంతా ఊడ్చి ఆ కాగితాలకే పెడుతున్నది. మేనమామ ముఖానికి ఏమీ మిగల్లేదు.

"గా ఫ్యాను ఎవడు పెట్టమన్నడు భాయ్?" అని అరిచాను.

భాయ్ చాయ్ తాగుతూ తాపీగా అన్నాడు. "మే నెలల పెండ్లి అన్నా. పెండ్లికొడుకు బొట్టు కారి ముక్కు మీదికొచ్చింది. ఫ్యాను పెట్టకుంటె మీ అక్కనే నన్ను కొడుతుండె."

"ఫ్యాను సరే. దాని ముంగట కాగితాలేంది?"

"అప్పుడు సీడీ నీకు తెల్వదు, నాకు తెల్వదు. తెలిస్తె గోడకు సున్నమేసి ఊకుంటుంటి గద."

అతని మీద కోపం తెచ్చుకోవడం గాలి మీద కోపం తెచ్చుకోవడమే.

ఇక కరెంటు సంగతి. ఒక్కసారి ఎక్కించాలంటే మిషనుకు ఒక పూట చాలదు, రోజంతా నడుస్తుంది. మొక్కజొన్న ఎండబెట్టినట్టు దాన్ని కనిపెట్టుకుని కూర్చోవాలి. తలంబ్రాల దాకా రాగానే కరెంటు పోతుంది. మళ్లీ గణపతి పూజ నుంచి మొదలు. ఆ పెండ్లికొడుకు తాళి కట్టడం ఆ దుకాణంలో నేను చూసినన్నిసార్లు ఆ పెండ్లికూతురు కూడా తలుచుకుని ఉండదు.

అయినా కుదపడం మానలేదు. క్యాసెట్ బొమ్మకు అడుగున చిరిగినట్టు ఒక గీత ఎప్పుడూ వణుకుతూ ఉంటుంది. టీవీ దాన్ని చూపించదు, తన అంచు వెనక దాచేస్తుంది. మనకు కనిపించని ఆ గీత కూడా వాటా తింటున్నది! నాలుగు పక్కలా టీవీ ఎంత దాస్తుందో కాగితం కత్తిరించి అద్దానికి అంటించి కొలిచాను. అంతమేర నల్లగా చేసేశాను. నలుపు ఏమీ తినదు. డెక్కు తలను స్పిరిట్‌తో తుడిచాను. తెల్ల చుక్కలు తగ్గాయి, ఆ చుక్కలు తినేది మిగిలింది. బొమ్మను కొంచెం మెత్తగా చేస్తే మెరుపు కాగితాలు మందగించాయి. ఒక్కో చిట్కాకు ఇంత జాగా. ఒక్కోసారి నాయిన చేతుల్లో బస్తా కదిలిన చప్పుడు వినిపించేది నాకు.

ఇదంతా చప్పుడు బందు చేసి చేశాను. కారణం భాయ్ పాటలు. పెండ్లి వీడియో అంటే మాటలు తీసేసి పైన సినిమా పాటలు పరచడమే అతని పనితనం. మంత్రాల మీద పాట, తలంబ్రాల మీద పాట, బరాత్ మీద రెండు పాటలు. వందసార్లు వింటే మనిషికి మతి పోతుంది. పైగా చప్పుడుకు పెద్దగా వాటా అక్కర్లేదు, బొమ్మతోనే చిక్కంతా, కాబట్టి చెవులతో పని లేదనుకున్నాను.

ఎంత కుదిపినా ఇంకా చాలలేదు. చివరికి ఒక దగ్గర చేయి పెట్టక తప్పలేదు. క్యాసెట్ చివర భోజనాల భాగం ఉంది, ఇరవై నిమిషాల పైన. మొత్తం క్యాసెట్‌లో అరిగింది అక్కడే. రీలు అంచు ముడతలు పడి, తెరంతా గీతలు, చుక్కలు. అక్క మనవలు ఆడి పాడుచేసి ఉంటారని తిట్టుకున్నాను. గీతలు కదులుతాయి, కదిలేది తింటుంది. ఆ ఇరవై నిమిషాలు మిగిలిన పెండ్లి అన్నం కూడా తినేస్తున్నాయి. పోనీ అందులో చూడడానికి ఏముంది? వరుసగా కూర్చుని నములుతున్న జనం. అందులో నేనూ ఉన్నాను, నోటినిండా లడ్డు పెట్టుకుని, ఇంకొకటి వద్దని విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి. ఏ మనిషి తను నములుతుంటే పది మంది చూడాలనుకుంటాడు?

అది తీసేశాను. మిగిలిన వాటానంతా అప్పగింతలకు పెట్టాను. బావ బిడ్డ చేతిని వియ్యపురాలి చేతిలో పెట్టి ఏదో చెబుతూ కళ్లు తుడుచుకునే చోటు అది. ఆయన గొంతంటే అక్కడే కదా ఉండాలి, ఏడ్చేచోట భాయ్ మాత్రం పాట ఎందుకు వేస్తాడనుకున్నాను. ఆ ముఖం మీద ఒక్క గడి పడకుండా చూసుకున్నాను. ఇంత బాగా నేనెప్పుడూ చేయలేదు.

దేవరకొండలో బస్సు మారి కల్వకుర్తి పోయాను. బావ గ్లాసు మీద చెంచాతో కొట్టి నాకు నీళ్లు తెప్పించాడు. వాళ్లు కొత్తగా కొన్న ప్లేయర్‌లో సీడీ పెట్టాను. అది మింగుతుందో ఉమ్ముతుందో అని దాని ముందే కూర్చున్నాను. మింగింది. బొమ్మ వచ్చింది. కాగితాలు మెరుస్తున్నాయి, ముఖాలు ముఖాల్లాగే ఉన్నాయి.

"బొమ్మ మంచిగనే ఉన్నది" అన్నది అక్క, చింతచిగురు ఏరుకుంటూ. ఆ మాట అనడానికి ఆమె తెర వైపు చూసింది ఎంతసేపో కాదు. "జర ముంగటికి పోనియ్యి."

పోనిచ్చాను. అప్పగింతలు వచ్చాయి. గర్వంగా చప్పుడు పెంచాను. పాట. ఏడుపు పాట, సన్నాయితో సహా. బావ పెదాలు కదులుతున్నాయి. కదిలినంతసేపూ పాటే.

నేను ఇంకా పెంచాను. పాట ఇంకా పెద్దగా వచ్చింది.

"గాడేముంటది తమ్మీ" అన్నది అక్క. "గాడ మాట్లాడింది మీ బావ కాదు, మీ భాయ్ పాట. బంతికాడికి పోనియ్యి."

"ఏ బంతి?"

"భోజనాల బంతి."

"అది తీసేసిననక్కా. జాగ సరిపోలేదు. తినేది ఎవరు చూస్తరు?"

అక్క చేతిలో చిగురు చేతిలోనే ఆగిపోయింది. బావ మాత్రం పొట్ట పట్టుకుని చప్పుడు లేకుండా నవ్వాడు. నన్ను చూపించి, నోటి దగ్గర చేయి పెట్టి నమిలినట్టు చేసి, మళ్లీ నవ్వాడు.

అక్క లేచి, నేను వెనక్కి తెచ్చిన క్యాసెట్‌ను పాత డెక్కులో పెట్టింది. ఎంతవరకు తిప్పాలో ఆమె చేతికే తెలుసు, కళ్లు అక్కర్లేదు. గీతల మధ్య బంతి వచ్చింది. అక్కడ పాట లేదు. గిన్నెల చప్పుడు, పిల్లల గోల, అన్నిటి పైన బావ గొంతు.

"ఏయ్, గా మూలకు వంకాయ రాలె! బకెట్ పట్టుకొని బొమ్మోలె నిలబడ్డవేంది, ఇస్తారిల ముఖం చూసుకుంటాన్రు వాళ్లు! చారు! చారేది? ముసలోళ్లకు ముందు పోయిండ్రి. ఏమో, మా బామ్మర్ది లెక్క పెట్టుకుంట తింటాండు. ఎన్ని లడ్లు తిన్నవయ్యా, లెక్క జెప్పు? ఇంకోటెయ్యిండ్రి వానికి, లెక్క తప్పాలె!"

రీలు అరిగినచోట గొంతు మునిగి తేలుతున్నది. 'లెక్క' అన్నచోట సగం మింగేసింది. ఆ అంచు మీదే చప్పుడు ఉంటుంది, ఆ అంచే ముడతలు పడ్డది. పాడు చేసింది మనవలు కాదు. వెనక్కి తిప్పి తిప్పి వింటున్నది అక్క. విన్నకొద్దీ అరిగిపోతున్నది.

నాకు ఒళ్లు మండింది. "గీ ముచ్చట ముందే చెప్పరాదా? బంతికాడ ఉన్నది ఆయన గొంతని ఒక్క మాట అంటే ఏం పోతుండె నీది?"

"నువ్వు అడిగినవా? మూడంటివి, నాలుగంటివి, నిమిషాలంటివి. ఏది పోవద్దని నేను చెప్పలేదా?"

"గొంతు ఒక్కటే కావాలంటె ఆడియో క్యాసెట్ల ఎక్కించి ఇస్తుంటి. చాయ్ తాగేంతసేపట్ల అయిపోతుండె!"

"మనిషి కనబడకుంట గొంతొక్కటే ఎట్ల ఉంచుకుంటం ఇంట్ల?" అన్నది అక్క, నేనే తిక్కవాణ్ని అయినట్టు. "చచ్చినోళ్ల గొంతు ఉంచుకున్నట్టు ఉంటది. ఆయన బతికి లేడా?"

బావ రెండు చేతులూ ఎత్తి తన ఛాతీ మీద తట్టుకున్నాడు, బతికే ఉన్నానన్నట్టు.

బంతి మొత్తం, పెండ్లి మొత్తం, ఒక్కటే సీడీ, తునకలు కాకూడదు. క్యాసెట్ మళ్లీ తీసుకుని, నల్గొండ బస్సులో కూర్చుని లెక్కంతా మళ్లీ మొదటి నుంచి వేశాను. ఇప్పుడు ఎవరి నోటి దగ్గరిది తీయాలో తెలిసింది. నా నోటి దగ్గరిదే. అప్పగింతల మీద నేను పెట్టుకున్న మురిపెం, మెరుపు కాగితాలు, బరాత్‌లో ఎగిరే జనం, అన్నిటి ముందు నుంచీ విస్తరి లాగేశాను. చప్పుడుకు నిండుగా వాటా పెట్టాను. అందులో పాటలకు పోయేది దండగేగానీ తప్పదు.

భాయ్ తన దగ్గరున్న పాత బరువైన డెక్కు తెచ్చాడు. ముడత పడ్డ రీలును అది నా దానికన్నా బాగా చదివింది. ముడతలను గోరుతో, మెత్తని గుడ్డతో సాపు చేసి, రీలు ఎక్కువ నలగకుండా ఒకటి రెండుసార్లే నడిపి, గొంతు బాగా వచ్చినచోటి నుంచి ముక్కలు తీసుకున్నాను. 'లెక్క' మొత్తం దొరికింది.

"గీ ఒక్క ముక్క మీద పాట ఎందుకు ఎయ్యలేదు భాయ్?" అని అడిగాను.

అతను సిగ్గుపడ్డాడు. "ఆలసమైందన్నా. తినేకాడ ఎవడు ఇంటడని ఇడిసిపెట్టిన. మీ అక్క గిట్ల ఏమన్నదా?"

"అన్నది. నీ పనిల గదొక్కటే మంచిగ జేసినవన్నది."

అక్క ఆ మాట అనలేదు, నేనన్నాను.

రెండో సీడీ తీసుకుని మళ్లీ కల్వకుర్తి పోయాను. బొమ్మ చూస్తే నాకే ఏడుపొచ్చింది. మేనమామలు గళ్లు. తలంబ్రాలు గళ్లు. ఇక భోజనాల బంతి ఎట్లా ఉందంటే, అద్దకం గుడ్డ పరిచి దాని మీద ఎవరో కదులుతున్నట్టు ఉంది. అక్క ఏమంటుందోనని బిక్కచచ్చి కూర్చున్నాను. మధ్యాహ్నం వేళ. బావ కంచం ముందు పెట్టుకుని, నా కంచం తన పక్కనే పెట్టించి, సీడీని తనే ముందుకు తిప్పాడు.

అక్క తెర వైపు చూడనే లేదు. వంటింట్లో వీపు ఇటు పెట్టి కూర గిన్నె దించుతున్నది. ఇన్నాళ్లు నేను అంచులు కోసి, నలుపు పూసి, కాగితాలు మెత్తబరిచి కాపాడిన బొమ్మ ఆమె వీపుకు కనిపిస్తున్నది. నోరు తెరిచి ఏదో అనబోయాను.

"గా మూలకు వంకాయ రాలె!" అన్నది టీవీలో గొంతు, ఒక్క మాట మునగకుండా, వీధి మొదటి దాకా వినిపించేట్టు.

బావ చెంచాతో తన కంచం అంచు మీద టంగున కొట్టి, వేలితో తను కూర్చున్న మూల చూపించాడు.

"వస్తాన్న, వస్తాన్న, మీద పడకు!" అని వంటింట్లో నుంచి అరిచింది అక్క. గిన్నె పట్టుకుని వచ్చి ఆయన కంచంలో వేసింది. ఆమె విసుక్కున్నది ఎవరి మీదో, టీవీ మీదో మనిషి మీదో నాకు తెలియలేదు. వాళ్లిద్దరికీ తెలిసే ఉంటుంది. చారు అన్నప్పుడు చారు వచ్చింది. ముసలోళ్లకు ముందు పోయమన్నప్పుడు బావ తన నెరిసిన తల చూపించుకున్నాడు.

తరువాత ఏం రాబోతున్నదో తెలిసి బావ నా వైపు తిరిగాడు. టీవీలో గొంతు లడ్డూల లెక్క అడిగింది. ఆయన పెదాలు దాంతోపాటే కదిలాయి, ఒక్క మాట వెనకబడకుండా. 'లెక్క తప్పాలె' అనగానే తొడ మీద చరిచి వంటింటి వైపు చూశాడు. అక్క లడ్డూల డబ్బాతో నిలబడి ఉంది.

"వద్దక్కా, రాంగనే రెండు తిన్న" అన్నాను.

నా రెండు చేతులూ కంచానికి అడ్డం పెట్టాను. టీవీలో గళ్లు గళ్లుగా ఉన్న ఒక మనిషి కూడా అదే చేస్తున్నాడు.